ఎరువు బస్తా, వేలిముద్ర, కౌలురైతు

(భోగరాజు పట్టాభి సీతారామయ్య స్మారకోపన్యాస పాఠం, ఉయ్యూరు)

కృష్ణా డెల్టాకు నీళ్లు ముందొచ్చాయి, డబ్బు చాలా ఆలస్యంగా వచ్చింది. బెజవాడ దగ్గర ఆనకట్ట 1855లో పూర్తయింది. కాలువలు పారాయి, మెట్ట మాగాణి అయింది, రెండో పంట మీద ఆశ పుట్టింది. కానీ విత్తనానికీ ఎద్దులకీ కూలికీ పెట్టుబడి కావాలంటే రైతు షావుకారు గడప తొక్కక తప్పేది కాదు. ఆ గడప తొక్కించకూడదనుకున్న మనిషి భోగరాజు పట్టాభి సీతారామయ్య. మద్రాసులో వైద్యం చదివి, బందరులో ప్రాక్టీసు పెట్టి, అది బాగా నడుస్తుండగానే వదిలేసి ప్రజాజీవితంలోకి వచ్చారు. 1919లో ‘జన్మభూమి’ ఆంగ్ల వారపత్రిక పెట్టారు. 1923 నవంబరు 28న మచిలీపట్నంలో ఆయన స్థాపించిన ఆంధ్రా బ్యాంకు వ్యాపారం మొదలుపెట్టినప్పుడు దాని చెల్లించిన మూలధనం లక్ష రూపాయలు. రెండేళ్లకు బీమా కంపెనీ కూడా స్థాపించారు. 1948లో కాంగ్రెసు అధ్యక్షుడైన నాయకుడిగా ఆయన్ని దేశం గుర్తుంచుకుంది. కృష్ణా జిల్లా మాత్రం బ్యాంకు పెట్టిన డాక్టరుగానే ఎక్కువగా తలుచుకుంటుంది. జిల్లా తలుచుకునే తీరే సరైనదని చెప్పాలి.

ఆ బ్యాంకు 1980లో జాతీయమైంది. 1981లో క్రెడిట్ కార్డు తెచ్చి, దేశంలో ఆ పని చేసిన మొదటి బ్యాంకుల్లో ఒకటిగా నిలిచింది. 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. బోర్డు మారింది కానీ బ్యాంకు జనం చేతిలోంచి పోలేదు, ఇంకా దగ్గరకొచ్చి ఫోనులో కూర్చుంది. మాఘమాసంలో ఉయ్యూరు వీరమ్మ తల్లి తిరునాళ్లలో గాజుల కొట్టు దగ్గరా, జీళ్ల బండి దగ్గరా క్యూఆర్ కోడ్ అట్టముక్క వేలాడుతుంటుంది. 2016లో మొదలైన యూపీఐలో 2025 ఆగస్టు ఒక్క నెలలోనే 2,000 కోట్లకు పైగా లావాదేవీలు జరిగాయి. 2014 ఆగస్టు 28న మొదలైన జన్‌ధన్ ఖాతాలు తొమ్మిదేళ్లలో 50 కోట్లు దాటాయి. డబ్బు ఇంత వేగంగా, ఇంత తక్కువ ఖర్చుతో, ఇంతమంది పేదల దాకా చేరడం దేశ చరిత్రలో ఇదే మొదటిసారి.

ఈ వేగం వల్ల నేలకూ నీటికీ ఏం ఒరిగింది? ఈ ఉపన్యాసం వెతికేది దాని జవాబునే.

ప్రపంచంలో ఈ ప్రశ్న వచ్చినప్పుడల్లా కెన్యా పేరు ముందుకొస్తుంది. అక్కడ 2007లో ఎం-పెసా వచ్చింది. బ్యాంకు ఖాతా లేనివాళ్లు ఫోను ద్వారానే డబ్బు పంపుకోవడం మొదలుపెట్టారు. ఆ దారి మీదే ఎం-కోపా అనే సంస్థ చిన్న సోలార్ దీపాల సెట్లు అమ్మింది. కొనేవాడు రోజుకింత అని ఫోనులో కడతాడు, బాకీ తీరాక సెట్టు అతనిదే. కిరోసిన్ బుడ్డికి పెట్టే ఖర్చు దీపం వాయిదాగా మారింది, ఇంట్లో పొగ తగ్గింది. నగదు తీసుకోవడానికి మనిషిని ఇల్లిల్లూ తిప్పాల్సి వస్తే ఆ వ్యాపారం నిలబడేదే కాదు. మంచి ఉదాహరణే. కానీ అంతకంటే పెద్దది, అంతకంటే చిక్కైనది కృష్ణా జిల్లాలోనే జరిగింది. దాన్ని గురించి జిల్లాలోనే మాట్లాడుకున్నది తక్కువ.

2016లో కేంద్ర ప్రభుత్వం ఎరువుల సబ్సిడీ చెల్లింపు పద్ధతి మార్చదలిచి, దేశంలో కొన్ని జిల్లాలను ప్రయోగానికి ఎంచుకుంది. వాటిలో కృష్ణా, పశ్చిమ గోదావరి ఉన్నాయి. అంతకుముందు ఎరువు గోదాముకు చేరితే కంపెనీకి సబ్సిడీ అందేది. కొత్త పద్ధతిలో కొట్లో ఈ-పాస్ యంత్రం మీద కొన్నవాళ్ల వేలిముద్ర పడి, అమ్మకం నమోదైతేనే అందుతుంది. మిగతా జిల్లాల కంటే కృష్ణాలో ఒక అడుగు ఎక్కువే వేశారు. భూమి రికార్డునూ భూసార పరీక్ష వివరాలనూ ఆధార్‌తో కలిపి, ఈ రైతుకు ఈ పొలానికి ఎంత ఎరువు చాలో యంత్రమే చెప్పేట్టు చేశారు. 2018 మార్చికల్లా వేలిముద్ర పద్ధతి దేశమంతా వచ్చింది.

ఆ యంత్రం పనిచేసే తీరు కాస్త దగ్గరగా చూడాలి. ఊడ్పుల కాలంలో ఎరువుల కొట్టు. గల్లాపెట్టె పక్కన అరచేతి కంటే కొంచెం పెద్దదైన నల్ల పెట్టె, దాని మీద చిన్న గాజు పలక. రైతు ఆధార్ నంబరు చెప్పి బొటనవేలు పెడతాడు. చెరకు ఆకు కోసిన గాట్లతోనూ, పార పట్టిన కాయలతోనూ గీతలరిగిన వేలు ఒకసారికి పడదు. లుంగీ అంచుకు తుడిచి మళ్లీ పెట్టాలి, అప్పుడూ పడకపోతే చూపుడువేలు పెట్టాలి. పడ్డాక బిల్లు వస్తుంది. ఆ బిల్లులో బస్తా ధరతో పాటు ప్రభుత్వం ఎంత భరిస్తున్నదో కూడా అచ్చవుతుంది. 45 కిలోల యూరియా బస్తాకు రైతు కట్టేది 266 రూపాయల 50 పైసలు. 2022-23లో ప్రపంచ ధరలు మండిపోయినప్పుడు, ప్రభుత్వ లెక్కల ప్రకారమే, అదే బస్తాకు అయిన అసలు ఖర్చు రెండు వేల రూపాయలు దాటింది. ఆ ఏడాది దేశం ఎరువుల మీద పెట్టిన సబ్సిడీ రెండున్నర లక్షల కోట్ల రూపాయల పైచిలుకు.

యంత్రం చెప్పిన మోతాదు మాత్రం సలహాగానే మిగిలింది. అడిగినవారికి అడిగినంత ఇవ్వాలి, లేదనకూడదన్నది ఆ పథకంలో నియమం. నియమం పెట్టడానికి కారణం న్యాయమైనదే. పొలం పట్టా ఒకరి పేరున ఉంటుంది, దున్నేది మరొకరు. పట్టా చూసి అమ్మితే నిజంగా సాగుచేసేవాడికే ఎరువు దొరకదు. అందుకని ఎవరి వేలిముద్రైనా చెల్లుతుంది. కొన్నది ఎవరో యంత్రానికి తెలుసు. ఏ పొలంలో, ఏ పైరుకు చల్లారో తెలియదు. కంపెనీకి సబ్సిడీ బస్తాల లెక్కన అందుతుంది కాబట్టి, ఒక బస్తా తక్కువ వేసిన రైతుకు ఈ ఏర్పాటులో ఒక్క రూపాయి రాదు. అతను మిగిల్చిన సబ్సిడీ ఎవరి పుస్తకంలోనూ అతని పేరున కనిపించదు.

ఒక బస్తా తక్కువ వేస్తే అంత మేలుంటుందా అని అడిగేవారుంటారు. నీరు నిలిచిన వరిచేలో చల్లిన యూరియాలోని నత్రజనిలో సగానికి పైగా పైరుకు అందదు. కొంత గాలిలో కలుస్తుంది, కొంత మురుగు నీటితో కాలువకు పోతుంది. డెల్టా కాలువల్లో తూటికాడా గుర్రపుడెక్కా ఇంత బలంగా ఎందుకు అల్లుకుంటున్నాయంటే, మురుగుతో పాటు ఈ పోషకాలు కూడా వాటికి ఆహారమవుతున్నాయి. గాలిలో కలిసేదాంట్లో కొంత నైట్రస్ ఆక్సైడ్. వందేళ్ల లెక్కన చూస్తే అది బొగ్గుపులుసు వాయువు కంటే సుమారు 273 రెట్లు ఎక్కువగా భూమిని వేడెక్కిస్తుంది. 2010లో భాస్వరం, పొటాష్ ఎరువులకు పోషకాల లెక్కన సబ్సిడీ పెట్టి, యూరియాను మాత్రం పాత ధరల నియంత్రణలోనే ఉంచారు. ఇప్పుడు 50 కిలోల డీఏపీ బస్తా 1,350 రూపాయలుంటే యూరియా 266. చేతిలో డబ్బు తక్కువున్నవాడు ఏది ఎక్కువ వేస్తాడో చెప్పడానికి అర్థశాస్త్రం చదవక్కర్లేదు. పచ్చగా పెరిగిన పైరుకు దోమ పడుతుంది, దోమకు మందు కొట్టాలి, మందుకు మళ్లీ అప్పు చేయాలి.

ఆ అప్పు ఇచ్చేదెవరన్నదే అసలు సంగతి. డెల్టాలో సాగు చాలావరకు కౌలురైతుల చేతుల్లో ఉంది. కౌలు ఎకరాకు ఇన్ని ధాన్యం బస్తాలని మాట్లాడుకుంటారు. మాట మీదే నడుస్తుంది, కాగితం ఉండదు. కాగితం లేనివాడికి బ్యాంకు పంట రుణం రాదు. గడువులోపు కట్టినవారికి నాలుగు శాతం వడ్డీకే దొరికే కిసాన్ క్రెడిట్ కార్డు రుణం పట్టాదారుకు అందుతుంది. అదే పొలం దున్నేవాడు నెలకు నూటికి రెండు రూపాయల వడ్డీకి, అంటే ఏడాదికి 24 శాతానికి బయట తెచ్చుకుంటాడు. లేదంటే ఎరువుల కొట్లో అరువు పెడతాడు. అరువిచ్చినవాళ్లు కొన్ని చోట్ల ధాన్యం కూడా వాళ్లే కొంటారు. అప్పిచ్చేవాడూ మందు అమ్మేవాడూ ఒకరే అయినప్పుడు మందు తగ్గించమని ఎవరు చెబుతారు? రసాయనాలు తగ్గాలని ఎన్ని శిక్షణ శిబిరాలు పెట్టినా, ఆ అరువు ఖాతా మారకుండా చేలో అలవాటు మారదు.

చట్టాలు లేక కాదు. 2011లో ఉమ్మడి రాష్ట్రం కౌలుదారులకు రుణ అర్హత కార్డులిచ్చే చట్టం చేసింది. దాని స్థానంలో 2019లో పంట సాగుదారు హక్కుల చట్టం వచ్చింది. 11 నెలల ఒప్పందం, ఆ ఒప్పందం మీద యజమాని సంతకం, అప్పుడే కార్డు. సంతకం దగ్గరే బండి ఆగిపోయింది. పెడితే భూమి పోతుందేమోనని యజమానికి భయం. అడిగితే వచ్చే ఏడు కౌలు ఇవ్వరేమోనని కౌలురైతుకు భయం. ప్రభుత్వ పంట నమోదు అయిన ఈ-పంటలో పేరెక్కినా చేతికి రుణం రావడం మరో ఎత్తు. 2019లో మొదలైన పీఎం కిసాన్ ఆరువేలు భూమి ఉన్న కుటుంబానికే. రిజర్వు బ్యాంకు 2023 ఆగస్టులో పంట రుణాలతో ప్రయోగం మొదలుపెట్టి, తర్వాత యూనిఫైడ్ లెండింగ్ ఇంటర్‌ఫేస్ అని పేరుపెట్టిన వేదిక కాగితాలు పట్టుకుని తిరిగే బాధ తప్పించి రుణాన్ని నిమిషాల్లో మంజూరు చేయించగలదు. అదీ చూసేది భూమి రికార్డునే. రికార్డులో లేని మనిషికి వేగం వల్ల ఉపయోగం లేదు. పైగా పట్టాదారుకూ అతనికీ మధ్య దూరం పెరుగుతుంది.

వేగంగా వచ్చే అప్పంటే ఈ జిల్లాకు భయమూ తెలుసు. 2006 మార్చిలో కృష్ణా జిల్లా అధికారులు సూక్ష్మ రుణ సంస్థల శాఖలు యాభైకి పైగా మూయించారు. అధిక వడ్డీ, వసూళ్లలో వేధింపులు, ఆత్మహత్యల ఆరోపణలు అప్పట్లో దేశమంతా చర్చయ్యాయి. నాలుగేళ్లకు, 2010 అక్టోబరులో, రాష్ట్రమంతటికీ ఆర్డినెన్సు తేవాల్సి వచ్చింది. ఆ తర్వాతి పదేళ్లకు అదే వేధింపు లోన్ యాప్‌ల రూపంలో ఫోనులోకి చొరబడింది. అప్పు తీసుకున్నవారి ఫోనులోని నంబర్లన్నీ లాగి, ఫొటోలు మార్చి, బంధువులకు పంపి పరువు తీయడం వాళ్ల వసూలు పద్ధతి. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ప్రాణాలు పోయాయి. రిజర్వు బ్యాంకు 2022 సెప్టెంబరులో డిజిటల్ రుణాలకు నిబంధనలు పెట్టింది. రుణం నేరుగా తీసుకున్నవారి ఖాతాలోనే పడాలి, తిరిగి చెల్లింపు నేరుగా రుణసంస్థ ఖాతాకే వెళ్లాలి, ఫోనులోని నంబర్ల జాబితా తాకకూడదు. అవసరమైన నిబంధనలే. పోయిన ప్రాణాలకు మాత్రం ఆలస్యమైపోయింది.

ఇదే నేల మీద మంచి నమూనా కూడా పుట్టింది. యూపీఐ ఇంకా ఊహలో కూడా లేని 2011లో రాష్ట్ర ప్రభుత్వమూ మహిళా సమాఖ్యలూ కలిసి స్త్రీనిధి సహకార పరపతి సమాఖ్యను పెట్టాయి. సంఘం సభ్యురాలికి అవసరం వస్తే గ్రామ సమాఖ్య ఫోను ద్వారా దరఖాస్తు పంపుతుంది. 48 గంటల్లో రుణం సంఘం ఖాతాకు చేరాలన్నది లక్ష్యం. లోన్ యాప్‌కూ దీనికీ తేడా యంత్రంలో లేదు. ఇక్కడ అప్పు అడిగే ఆడమనిషిని ఎరిగిన పదిమంది ఆడవాళ్లు చాప మీద కూర్చుని మినిట్స్ పుస్తకంలో రాసుకుంటారు. గేదె కొనడానికా, పిల్ల ఫీజుకా, కౌలు కట్టడానికా అని అడుగుతారు, తీర్చగలదా అని చూస్తారు. వేగమూ ఉంది, మనిషి ఎరుకా ఉంది.

2016లో రైతు సాధికార సంస్థ ఆధ్వర్యంలో మొదలైన ప్రకృతి సాగు ఈ సంఘాల భుజాల మీదే రాష్ట్రమంతా వ్యాపించింది. ఘనజీవామృతం, కషాయాలు, తొలకరికి ముందే నవధాన్యాలు చల్లి నేలను కప్పి ఉంచడం, ఇవన్నీ ఊళ్లో తోటి రైతుల నోట, ముఖ్యంగా ఆడవాళ్ల నోట, వ్యాపించాయి. 2024లో ఈ కార్యక్రమానికి పోర్చుగల్‌కు చెందిన గుల్బెంకియన్ పురస్కారం వచ్చింది. మృత్తికా శాస్త్రవేత్త రతన్ లాల్‌తోనూ, ఈజిప్టు సంస్థ సెకెమ్‌తోనూ కలిపి ఇచ్చారు. అంతకుముందు, 2018 జూన్‌లో, ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగమూ బీఎన్‌పీ పారిబా బ్యాంకూ తోడై 60 లక్షల మంది రైతులను 2024 నాటికి ప్రకృతి సాగులోకి తెస్తామని ప్రకటించారు, 230 కోట్ల డాలర్లు సమకూరుస్తామన్నారు. గడువు దాటింది, ఆ సంఖ్య దరిదాపుల్లోకి కూడా సాగు రాలేదు. అంతర్జాతీయ సభల్లో వినిపించే పెద్ద మొత్తాల కంటే గ్రామ సమాఖ్య పుస్తకంలోని చిన్న మొత్తాలే నేలను ఎక్కువ మార్చాయని ఈ అనుభవం చెబుతోంది.

కార్బన్ క్రెడిట్ల సంగతీ ఇలాగే జాగ్రత్తగా చూడాలి. వరిచేలో నీరు ఎప్పుడూ నిలిచి ఉంటే మీథేన్ పుడుతుంది. తడిపి, ఆరబెట్టి, మళ్లీ తడిపితే తగ్గుతుంది, నీరూ మిగులుతుంది. 2003 నుంచి శాస్త్రవేత్త ఆలపాటి సత్యనారాయణ ఈ రాష్ట్రంలో ప్రచారం చేసిన శ్రీ వరి సాగులోనూ ఆరుతడి ఒక ముఖ్యాంశమే. ఇప్పుడు ఉపగ్రహ చిత్రాలతో, ఫోనులో తీసిన ఫొటోలతో ఆరుతడిని లెక్కగట్టి, రైతుకు డబ్బు ఇప్పిస్తామని కంపెనీలు వస్తున్నాయి. మీథేన్ తగ్గింపు లెక్కతో చైనాలో నమోదైన 37 వరి ప్రాజెక్టులను 2024లో వెర్రా అనే ధ్రువీకరణ సంస్థ రద్దు చేసింది. సంతకం పెట్టేముందు డెల్టా రైతు ఒక్కటి అడగాలి: కాలువ కింద ఆఖరు చేలో ఉన్నవాడికి నీరు పెట్టడం, తీయడం తన చేతిలో ఉంటుందా? తూము తన చేతిలో లేనివాడు ఆరుతడికి మాట ఎలా ఇస్తాడు?

ఉపగ్రహాలు రాకముందే డెల్టాకు ఒక పద్ధతి తెలుసు. వరి కోతకు రెండు మూడు రోజుల ముందు, నిలుచున్న పైరులోనే మినుము చల్లుతారు. దుక్కి లేదు, తడి లేదు. నేలలో మిగిలిన పదునుతో, మంచుతో పండుతుంది, తన వేళ్ల బుడిపెలతో నేలకు నత్రజని ఇస్తుంది. యంత్రంతో కోతలు పెరిగాక చక్రాల కింద మొలక నలుగుతోంది, కొన్నిచోట్ల గడ్డికి నిప్పు పెడుతున్నారు. పర్యావరణ రుణమని, హరిత రుణమని కొత్త పేర్లు వెతికే బ్యాంకులు ముందు మాగాణి మినుముకు సకాలంలో విత్తనం డబ్బు ఇస్తే చాలు.

డబ్బు దారి తప్పితే ఏమవుతుందో కొల్లేరు చూపించింది. 1970లలో ప్రభుత్వమే సహకార సంఘాల పేరున చేపల చెరువులు తవ్వించింది. ఆ వెనుక బయటి పెట్టుబడి వెల్లువగా వచ్చిపడింది. 1999లో 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించి, 2006లో గట్లు కొట్టించాల్సి వచ్చింది. అప్పిచ్చేటప్పుడు సరస్సు ఎవరికీ గుర్తు రాలేదు. ఇవాళ ఏ చెరువు ఏ సర్వే నంబరులో, ఏ కాంటూరులో ఉందో బ్యాంకు మేనేజరు కుర్చీలోంచి లేవకుండానే చూడగలడు. చూశాక అప్పు ఆపాలన్న నియమం ఒక్కటే కొరవ.

వాతావరణం మాత్రం నియమాల కోసం ఆగదు. 2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీకి 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చింది. మరోవైపు బుడమేరు గండ్లు పడి విజయవాడ సింగ్‌నగర్ ప్రాంతం రోజుల తరబడి నీళ్లలో ఉంది. కింది అంతస్తు మునిగిన ఇంటికి 25 వేలు, పై అంతస్తువారికి 10 వేలు చొప్పున నెల తిరక్కుండానే ఖాతాల్లో వేయగలిగారు. 1977 దివిసీమ ఉప్పెన నాటి బాధితులు ఇలాంటిది కల్లో కూడా ఊహించి ఉండరు. ఆధార్ ముడిపడని ఖాతాలవాళ్లకు మాత్రం ఎదురుచూపులే మిగిలాయి. ఖాతాకు ప్రాణముందో లేదో వరద రాకముందే చూసుకోవాల్సిన పని. మహిళా సంఘాలు నెలసరి సమావేశంలో అరగంటలో చేయగలిగింది.

డిజిటల్ అంటే గాలిలో నడిచేది కాదన్న సంగతి కూడా గుర్తుండాలి. విశాఖలో ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్లతో డేటా కేంద్రం కడతామని గూగుల్ 2025 అక్టోబరులో ప్రకటించింది. అది కోరేది గిగావాట్ల కరెంటు. ఆ కరెంటు బొగ్గుదా ఎండదా అన్న ప్రశ్న రాష్ట్రం ముందుంది. ఎండ వైపు చిన్న ఇంటికి దారి ఇప్పటికే తెరిచి ఉంది: పీఎం సూర్యఘర్ కింద మూడు కిలోవాట్ల పలకలకు 78 వేల రూపాయల సబ్సిడీ నేరుగా ఇంటివారి ఖాతాకే వస్తుంది.

ఇక మళ్లీ ఎరువు బస్తా దగ్గరకు. కేంద్రం 2023 జూన్ 28న పీఎం ప్రణామ్ పథకాన్ని ఆమోదించింది. గత మూడేళ్ల సగటు కంటే రసాయన ఎరువుల వాడకం తగ్గించిన రాష్ట్రానికి, మిగిలిన సబ్సిడీలో సగం గ్రాంటుగా ఇస్తారు. తగ్గించేది రైతు, గ్రాంటు చేరేది రాష్ట్రానికి. ఈ-పాస్ యంత్రం, భూసార కార్డు, ఈ-పంట, సంఘం ఖాతా, ఈ నాలుగూ కృష్ణా జిల్లాలో ఇప్పటికే ఉన్నాయి. వాటిని కలిపి, ఎరువు తగ్గించిన సాగుదారు పేరున ఆ గ్రాంటులో వాటా వేయడానికి కొత్త సాంకేతిక విద్య ఏదీ అక్కర్లేదు. 2016లో దేశానికి దారి చూపిన జిల్లా మొదట ఒక్క మండలంలో, ఉయ్యూరులోనే, దీన్ని చేసి చూపించాలని రాష్ట్ర వ్యవసాయ శాఖను గట్టిగా కోరవలసి ఉంది.

కానీ ఆ వాటా పడడానికి సాగుదారు పేరు రికార్డులో ఉండాలి, ఆ పేరు ఎక్కడానికి యజమాని సంతకం కావాలి. ఈ చుట్టుపక్కల ఊళ్ల పొలాల యజమానుల్లో చాలామంది ఇవాళ విజయవాడలో, హైదరాబాదులో, డాలస్‌లో, న్యూజెర్సీలో ఉన్నారు. కౌలు డబ్బు ఫోనులో అందుకుంటున్నారు. సాగుదారు హక్కుల కార్డు కౌలుదారుకు ఆ పదకొండు నెలల పంట మీదే హక్కు ఇస్తుంది, భూమి మీద కాదు. వచ్చే ఖరీఫ్ నాట్లు పడేలోగా ఆ కాగితం మీద సంతకం పెట్టి పంపండి.